మూతకు పాకిన వానపాములు

టీచరమ్మ ఇంట్లో చెత్తబుట్ట దగ్గర ఎవరి ఆటలూ సాగేవి కావు. పొద్దున్నే ఆవిడ దాన్ని పాత పేపరు మీద బోర్లించి, పరీక్ష పేపర్లు దిద్దినంత శ్రద్ధగా సోదా చేసేది. కూరగాయల తొక్కలు ఒక పక్క, వడకట్టిన టీపొడి ఒక పక్క, గుడ్డు పెంకులు ఇంకో పక్క. అందులో ఒక్క నిమ్మతొక్క కనబడిందా, ఇల్లు పీకి పందిరేసేది. ముప్పై ఏళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చెప్పిన మాట వినేవాళ్ళు లేక ఆర్నెల్లు దిగాలుపడి కూర్చుని, చివరికి వెనక బాల్కనీలో మూడు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి వాటిలో వానపాముల్ని పెంచడం మొదలుపెట్టింది. అవి మాత్రం పెట్టింది తిని, కిక్కురుమనకుండా, టీపొడిలాంటి నల్లటి ఎరువు ఇచ్చేవి. మేడలోని వాళ్ళంతా ఆ ఎరువు తమ పూలకుండీలకు పట్టుకుపోయి, వెనక మాత్రం ‘వానపాముల టీచరమ్మ’ అని నవ్వుకునేవాళ్ళు. ఆ పేరు చెవిన పడ్డప్పుడు ఆవిడ కోప్పడలేదు. లోలోపల మురిసిపోయింది కూడా.

మొదటి గుప్పెడు వానపాముల్ని ఇచ్చింది ఎదురు వాటాలో ఉండే, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన నర్సమ్మ. పాత ఐస్‌క్రీం డబ్బాలో, తడి కాగితం కప్పి, పసిబిడ్డను అప్పగించినట్టు తెచ్చి చేతిలో పెట్టింది. “వదినా, వీటికి నోరు లేదు. పులుపూ ఉప్పూ పడవు. ఏదైనా తేడా వస్తే మూతకెక్కుతాయి. అదొక్కటే వాటి భాష. చూసుకో” అంది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం. నర్సమ్మ టీచరమ్మ భర్తను ‘అన్నయ్యగారూ’ అనేది. ఆయన ‘చెల్లెమ్మా’ అనేవాడు. నర్సమ్మ రోజూ తన వంటింటి తొక్కల్ని ఒక స్టీలు గిన్నెలో తెచ్చి టీచరమ్మ గడప దగ్గర పెట్టి, ఒకసారి తలుపు తట్టి వెళ్ళిపోయేది.

ఇక ఆ భర్తగారు. నలభై ఏళ్ళు పుస్తకాలకు అట్టలు వేసి, కుట్టి, జిగురు పూసిన బైండరు. ఊళ్ళోవాళ్ళు పేరు మరిచిపోయి బైండరుగారనే పిలిచేవాళ్ళు. మాట మెత్తన, నడక మెత్తన. గుండె మాత్రం ఎనిమిది నెలల కిందట మొరాయించింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు టీచరమ్మను పక్కకు పిలిచి ఒకటే మాట చెప్పాడు. ఇక మీదట ఈయనకు ఉప్పు విషంతో సమానం అన్నాడు.

టీచరమ్మ ఇంటికొచ్చి చేసిన మొదటి పని, పొయ్యి పక్కనున్న ఉప్పు జాడీని రెండు చేతులా పట్టుకుని ఎదురింటికి వెళ్ళి నర్సమ్మకు ఇచ్చేయడం. “ఇది మా ఇంట్లో ఉండకూడదు వదినా. నీ దగ్గరే ఉంచు” అంది.

“నీకు వేసుకోవడానికైనా కొంచెం ఉంచుకో.”

“ఆయన తినంది నాకెందుకు?”

బైండరుగారు ఆ మాట విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “నాకంటే తప్పదు. నీకెందుకే ఈ శిక్ష?” అన్నాడు.

“ఒకరి ముందు ఒకరు కూర్చుని రెండు రకాల తిండి తింటామా? ఇద్దరం కలిసే మింగుదాం.”

“నీ మీద ఒట్టు. ఈ జన్మలో ఉప్పు ముట్టను.”

మొదటి నెల టీచరమ్మకు ఏది నోట్లో పెట్టుకున్నా గడ్డి నమిలినట్టుండేది. ఎవరింటికైనా వెళ్తే ఆకలి లేదని అబద్ధమాడేది. మేనకోడలి పెళ్ళిలో అందరూ లొట్టలేసుకుంటూ తింటుంటే తాను అరటిపండు తిని, మంచినీళ్ళు తాగి వచ్చింది. బైండరుగారు మాత్రం పెట్టింది పెట్టినట్టు తిని, వేలెత్తి ఒక్క వంక పెట్టలేదు. ఈ మనిషికి ఇంత నిగ్రహం ఎక్కణ్ణించి వచ్చిందా అని ఆవిడ ఆశ్చర్యపడేది. ఆశ్చర్యపడి, ఇంకాస్త ప్రేమగా వడ్డించేది.

కూర్చుని చేసే పని ఏదో ఒకటి ఉండాలని డాక్టరు చెబితే, వానపాములకు పక్కగా డబ్బాల్లో పరిచే కాగితాలు చింపే పని ఆయనకు అప్పగించింది. అది చూసి తీరాల్సిన పనితనం. ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుందట. ఆ వాలున చింపితే దారం లాగినట్టు నిటారుగా వస్తుంది, అడ్డం చింపితే కుక్క పీకినట్టుంటుంది. ఆయన మధ్యాహ్నం భోజనం కాగానే బాల్కనీలో కుర్చీ వేసుకుని, రూలుకర్ర ఆనించి, పాత పేపర్లను సరిగ్గా వేలెడు వెడల్పున రిబ్బన్లలా చింపి గుట్ట పోసేవాడు. ఆ పూట టీచరమ్మ లోపల నడుం వాల్చేది. నిద్ర పడుతుంటే ఆ చర్‌చర్ చప్పుడు చెవిన పడుతుండేది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ మనిషి బాగున్నట్టే అని ఆవిడకు ధైర్యం.

సాయంత్రం ఆయన పార్కు చుట్టూ నడిచి వచ్చేవాడు. అది కూడా డాక్టరు చెప్పిందే.

అన్నీ ఇలా సవ్యంగా ఉన్నాయనుకుంటుండగా రెండు నెలల నుంచి ఒకటే చికాకు. వారానికోసారి నర్సమ్మ వచ్చి ఆయన బీపీ చూసేది. అది దిగనంటోంది. ఒకసారి చూసింది, రెండోసారి చూసింది, మూడోసారి మిషను పక్కన పెట్టి, “వదినా, ఏమీ అనుకోకు. ఎక్కడో ఉప్పు తగులుతోంది” అంది.

టీచరమ్మ ముఖం మాడిపోయింది. “ఎక్కడ తగులుతుంది? వండేది నేను. తినేది మేము.”

“నిన్ననడం లేదు వదినా...”

“ఇంకెవర్ని అంటున్నట్టు?”

నర్సమ్మ మాట మార్చేసింది. కానీ ఆ మాట టీచరమ్మ కడుపులో ఉండిపోయింది. తను ఎనిమిది నెలలుగా నాలిక చంపుకుని బతుకుతుంటే, వంటలో ఉప్పేస్తున్నానని అనుమానిస్తుందా!

ఆ తర్వాతి సోమవారం పొద్దున టీచరమ్మ మొదటి డబ్బా మూత తీసింది. తీసి, చేతిలో మూతతో అలాగే నిలబడిపోయింది. వానపాములన్నీ మూతకే ఉన్నాయి. లోపలివైపు అంచుల వెంట ఒకదాన్నొకటి చుట్టుకుని, ముద్దలు ముద్దలుగా వేలాడుతున్నాయి. కొన్ని గాలి కోసం పెట్టిన రంధ్రాల్లోంచి బయటపడి, బాల్కనీ గచ్చు మీద ఎండి, తెగిన దారపు ముక్కల్లా పడున్నాయి. రెండో డబ్బా తీస్తే అదే వరస. మూడోదాంట్లో పైకెక్కే ఓపిక కూడా లేక మెత్తబడి చచ్చిపోయాయి.

ఆవిడ మట్టి పిడికిట్లోకి తీసి పిండి చూసింది. ఒకటే చుక్క రాలింది. తడి సరిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వాన పడ్డ నేల వాసనే. చెయ్యి లోతుగా పెట్టి చూసింది. వేడీ లేదు. పరుగున వెళ్ళి నర్సమ్మను పిలుచుకొచ్చింది.

నర్సమ్మ వంగి చూసింది. కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చూసింది. “తడి కాదు, వేడి కాదు. ఇది ఉప్పే వదినా” అంది.

మళ్ళీ అదే మాట! టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“మా ఇంట్లో ఉప్పెక్కడిది? ఉప్పు రవ్వ లేని ఇల్లు ఇది. ఉప్పు తినేది నువ్వు. రోజూ గిన్నెతో తెచ్చి పోసేది నువ్వు. మిగిలిపోయిన కూర తొక్కల కింద పెట్టి తెచ్చావు కదూ?”

“నేనా? నేనిచ్చిన వానపాములకు నేనే ఉప్పేస్తానా?”

“పారబోయడానికి బద్ధకమైతే ఎవరైనా వేస్తారు. పైగా నా వంటకు వంక పెట్టావు. ఇంక ఆ గిన్నె నా గడప దగ్గర పెట్టకు.”

నర్సమ్మ నడుం ఎత్తి నిలబడింది. చుట్టూ ఒకసారి చూసింది. ఆ రోజు పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకున్న బైండరుగారి మీద ఆమె చూపు కొంచెంసేపు ఆగింది. ఆయన తలెత్తలేదు. రూలుకర్ర ఆనించి కాగితం చింపాడు. చర్‌మంది. ఇంకోటి తీసుకున్నాడు. నర్సమ్మ తన స్టీలు గిన్నె తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

“చూశారా, ఒక్క మాటకు బదులు చెప్పలేకపోయింది” అంది టీచరమ్మ రొప్పుతూ.

“పోనీలే, ఆరోగ్యం పాడుచేసుకోకు” అన్నాడాయన.

తర్వాత మూడు రోజులు ఆవిడకు అదే పని. బతికున్న వానపాముల్ని చెంచాతో ఒక్కొక్కదాన్నే ఏరి, తడి కాగితం మీద దొర్లించి, కొత్త డబ్బాలో వేసింది. పాత మట్టి మొత్తం పారబోసింది. కొత్త కొబ్బరిపీచు తెప్పించి నానబెట్టింది. ఆయన చింపిన కొత్త పేపర్లు పరిచింది. తన వంటింటి తొక్కలు తప్ప మరొకటి వేయలేదు. పక్కవాళ్ళు ఎవరైనా గిన్నె పట్టుకొస్తే చేతులు జోడించి వెనక్కి పంపింది. మెట్ల మీద నర్సమ్మ ఎదురైతే మెడ తిప్పేసుకుంది. మెడ తిప్పుకున్న ప్రతిసారీ మనసు చివుక్కుమనేది, కానీ తప్పు తనదా? ద్రోహం చేసింది ఎవరు?

పదహారో రోజు పొద్దున మూత తీసింది. వానపాములు మూతకున్నాయి.

ఈసారి ఆవిడ కేకలు వేయలేదు. పీట వేసుకుని కూర్చుంది. నర్సమ్మ గిన్నె రాలేదు. ఇంకెవరి గిన్నె కూడా రాలేదు. మట్టి కొత్తది, డబ్బా కొత్తది, తొక్కలు తనవి. ఆలోచిస్తూ పోతే మిగిలేది ఇంట్లోని ఇద్దరు మనుషులే. ఆవిడ పాత ఫోర్కు తీసుకుని ఒక మూల నుంచి జాగ్రత్తగా తవ్వడం మొదలుపెట్టింది.

ఆయన కుర్చీ వైపున్న మూలలో, నాలుగు వేళ్ళ లోతున, గోధుమరంగు పొట్టు దొరికింది. వేరుశనగ కాయల పొట్టు. అరచేతుల మధ్య నలిపి నలిపి పొడి చేసి, పైన మట్టి కప్పి ఉంది. ఆ పొట్టుతోపాటే కాగితం పీలికలు. న్యూస్‌పేపరు కాదు. గీతలున్న నోటుబుక్కు కాగితం. పార్కు గేటు దగ్గర బండి వాడు పొట్లాలు కట్టేది అలాంటి కాగితంలోనే. ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఇసకలో వేయించిన కాయలు. ఒక పీలిక మీద ఎవరో టీచరు ఎర్రసిరాతో పెట్టిన సున్నా సగం కనబడుతోంది.

పీలికలన్నీ సరిగ్గా వేలెడు వెడల్పున్నాయి. కాగితం వాలున, దారం లాగినట్టు, నిటారుగా చిరిగి ఉన్నాయి.

అయినా ఆవిడకు నమ్మబుద్ధి కాలేదు. పీలిక మడతలో తెల్లగా ఏదో పట్టి ఉంటే, వేలి కొనతో తీసి నాలిక మీద పెట్టుకుంది. నాలిక చురుక్కుమంది. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ తిన్న మొదటి ఉప్పు అది, వానపాముల డబ్బాలోంచి తీసి. పీట మీద అలాగే కూర్చుని, మట్టి చేతులతోనే ఏడ్చింది.

తర్వాత లేచి, చేతులు కడుక్కుని, వంట చేసింది. ఆయనకు ఒక్క అవకాశం ఇవ్వాలనుకుంది. బళ్ళో కూడా అంతే చేసేది ఆవిడ. దొంగ ఎవరో తెలిసినా పేరు పెట్టి పిలవకుండా, లేచి నిలబడి చెప్పేవాళ్ళు మంచిపిల్లలు అనేది. చాలాసార్లు పిల్లలు లేచి నిలబడేవాళ్ళు.

భోజనం దగ్గర మామూలుగా అడిగింది. “వానపాములు మళ్ళీ మూతకెక్కాయండీ. ఏమై ఉంటుందంటారు?”

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. ఒక్క క్షణమే. “ఆవిడ వేసిందేదో ఇంకా మట్టిలో ఉండిపోయిందేమో.”

“మట్టి కొత్తది.”

“అయితే నువ్వు పడుకున్నప్పుడు వచ్చి వేసిందేమో. నువ్వన్నది నిజమే. ఆ మనిషిని నమ్మలేం.”

టీచరమ్మ కొంగుముడి విప్పి, పీలికల్నీ గుప్పెడు పొట్టునూ ఆయన కంచం పక్కన పెట్టింది. ఎర్రసిరా సున్నా పైకి వచ్చేలా తిప్పి మరీ పెట్టింది.

బైండరుగారు నీళ్ళు నమిలాడు. “మొదట్లో రోజూ కాదే...” అన్నాడు.

“ఎప్పట్నించి?”

“వాకింగుకు వెళ్తున్నప్పట్నించి.”

“అంటే ఇంటికొచ్చిన రెండో వారం నుంచి.”

“నాలిక చచ్చిపోయిందే. ఒక్క పొట్లం తెచ్చి దాచుకుని, మర్నాడు నువ్వు పడుకున్నప్పుడు. బుట్టలో వేస్తే నీకు దొరుకుతుంది. రోడ్డు మీద తింటే ఎవరో ఒకరు చూసి చెబుతారు. నువ్వే కదా అందరికీ చెప్పేదానివి, ఈ డబ్బాలో వేసింది పదిహేను రోజుల్లో ఆనవాలు లేకుండా పోతుందని!”

ఆవిడకు నవ్వొచ్చింది. అలాంటి నవ్వు శత్రువుకు కూడా రాకూడదు. చర్‌చర్ చప్పుడు వినబడుతోంది కదా, మనిషి బాగున్నాడని ధైర్యంగా నిద్రపోయింది తను! పొట్లం తినేసి, సాక్ష్యం చింపుతున్న చప్పుడది.

“తిన్నందుకు కాదండీ” అంది చివరికి. “నాలిక కట్టు తప్పడం మనుషులకు మామూలే. వచ్చి చెబితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆ రోజు వదినను నానా మాటలూ అంటుంటే మీరక్కడే ఉన్నారు. చెల్లెమ్మా చెల్లెమ్మా అని పిలిచిన మనిషి. మీరు నోరెందుకు విప్పలేదు?”

“విప్పితే నీకు తెలిసిపోతుంది కదా.”

“ఇప్పుడు నేను ఆవిడ పేరెత్తకముందే తప్పంతా మళ్ళీ ఆవిడ మీదే వేశారు.”

ఆయన తల దించుకున్నాడు. టీచరమ్మ భోజనం దగ్గర్నించి లేచింది. మిగిలిన వానపాముల్ని అదే ఐస్‌క్రీం డబ్బాలో వేసి, తడి కాగితం కప్పి, ఎదురింటి తలుపు తట్టింది.

నర్సమ్మ తలుపు తీసి, డబ్బా చూసి, మనిషిని చూసి, లోపలికి రమ్మని అనలేదు. పొమ్మనీ అనలేదు.

“నీ మీద నింద వేశాను వదినా. చేసింది ఆయన. వీటిని నువ్వే తీసుకో. మా ఇంట్లో బతకవు.”

“తెలుసు” అంది నర్సమ్మ.

“ఏం తెలుసు?”

“ఆ రోజు నువ్వు ఉప్పెక్కడిదని అరుస్తుంటే ఆయన వైపు చూశాను. చెవుల దాకా ఎర్రబడి కాగితం చింపుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో పథ్యం తప్పే మొహాల్నే చూశాను వదినా.”

“మరి అప్పుడే చెప్పలేకపోయావా?”

“చెబితే నమ్మేదానివా? నాలుగేళ్ళు నా చేతి గిన్నె అందుకుని, ఒక్క పూటలో నన్ను దొంగను చేశావు. ఆయన మీద నేను చెబితే నా మొహాన ఉమ్మేసేదానివి.”

నమ్మిన మనిషికి బైండరుగారు ఏం చేశాడో, నమ్మిన ఈవిడకు తనూ అదే చేసిందని టీచరమ్మకు అప్పటికి తట్టింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

నర్సమ్మ ఐస్‌క్రీం డబ్బా అందుకుంది. “వీటిని తీసుకుంటాను. నోరులేనివి. నీ మాట కూడా విన్నాను. ఆయన మాట మాత్రం ఆయన నోటితోనే రావాలి” అంది. లోపలికి వెళ్ళి, పాత ఉప్పు జాడీ తెచ్చి టీచరమ్మ చేతుల్లో పెట్టింది. “ఇది నీది. ఇంకెన్నాళ్ళు నేను దాచాలి?”

పొద్దు వాలకముందే టీచరమ్మ సాయంత్రం వంట ముగించింది. కూరను రెండు గిన్నెల్లోకి తీసింది. ఒకటి ఆయన ముందు పెట్టింది. రెండోదాంట్లో, ఆయన చూస్తుండగానే, జాడీ మూత తీసి ఉప్పు వేసుకుంది. కొలత మరిచిపోలేదు. చేతికి తెలుసు. చెంచాతో కలిపి, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.

మింగలేకపోయింది. నోరంతా మండింది. గొంతు దగ్గర అడ్డంపడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా వెళ్ళి పుక్కిలించి వచ్చి, ఇంకాస్త చిన్న ముద్ద పెట్టి చూసింది. అదీ అంతే. ఒకప్పుడు తనే వేసుకుని, తనే ఇష్టంగా తిన్న ఉప్పు. ఇప్పుడు ఒంటికి పడడం లేదు. ఆ కూర వానపాములకు కూడా పనికిరాదు, తీసుకెళ్ళి బుట్టలో పారబోసింది. తిరిగి వచ్చి ఆయన ముందున్న చప్పటి కూరలో సగం తన కంచంలో వంచుకుని తినసాగింది.

“రేపు వెళ్ళి చెబుతాలే చెల్లెమ్మకు” అన్నాడు బైండరుగారు, నెమ్మదిగా.

టీచరమ్మ తల ఎత్తలేదు. “పథ్యం డాక్టరు మీకు చెప్పాడు. పట్టింది మాత్రం నాకు” అంది.

ఎదురింట్లో దీపం వెలుగుతోంది. ఆ తలుపు పది అడుగుల దూరం కూడా ఉండదు. ఆయన ఒకసారి అటు చూసి, కంచంలోకి చూసుకున్నాడు. ఇంకేమీ అనలేదు. నర్సమ్మ మీద నింద పడ్డ ఆ రోజూ ఇలాగే ఏమీ అనలేదు.